ఇమ్మానియేలు గిటారుకు కొమ్ము మేకులు

మిరపకాయ ముట్టక ముందే గిటారు ముట్టుకోవాలి. ఇది ఇమ్మానియేలు తనకు తాను పెట్టుకున్న నియమం. చీకటి విడవక ముందే లేచి, తొట్లో నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుని, తుండుగుడ్డతో వేలు వేలూ తుడుచుకుని, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒక్క కీర్తన వాయించేవాడు. అది అయిపోయాక గిటారును గుడ్డసంచిలో పెట్టి దూలానికి తగిలించి, టీ తాగి కల్లానికి పోయేవాడు. ఇక ఆ రోజుకు దాని జోలికి వెళ్ళేవాడు కాదు.

సాయంత్రం పూట ఎందుకు వాయించవని ఎవరైనా అడిగితే అరచేతులు చూపించేవాడు. మా వైపు కల్లాల్లో పనిచేసేవాళ్ళ చేతులు మజ్జిగతో కడిగినా, కొబ్బరినూనె పట్టించినా తెల్లారేదాకా మండుతూనే ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ఒకసారి ఎవరిదో పెళ్ళి ప్రార్థనకని పని నుంచి నేరుగా వచ్చి వాయించాడట. ఘాటు తీగలకు అంటింది. మర్నాడు ముచ్చటపడి ఆ తీగలు మీటిన చంటిపిల్ల కళ్ళు నులుముకుని గుక్కపట్టి ఏడ్చింది. అప్పటినుంచి ఇమ్మానియేలు మాట ఒకటే: "తెల్లారకముందు నా చెయ్యి దేవుడిది. తెల్లారితే మిరపకాయది."

ఆయన పాడేవాడు కాదు. బోర్డింగు బడిలో చదివేటప్పుడు ఆయన గొంతు గంటలాగా ఉండేదని ఆ ఈడువాళ్ళు చెబుతారు. కానీ రంగు పోయిన తాలుకాయలు ఏరి, టిక్కీ బస్తాల్లో కాయ తొక్కి తొక్కి, ఆ దుమ్ము గొంతులోకి దిగిపోయింది. డాక్టరుగారు పాట మానెయ్యమన్నారు. మాట కూడా పక్కన కూర్చుంటేనే వినపడేది. అందుకని గిటారే ఆయన గొంతు. బోర్డింగులో పాటలు నేర్పిన రాజరత్నం మాస్టారు పని విరమించి వెళ్ళిపోతూ ఇచ్చిన గిటారు అది. ఏ కంపెనీదో చెప్పే చీటీ ఎప్పుడో రాలిపోయింది.

ఈస్టరు నాడు తెల్లవారుజామున మా సంఘమంతా సమాధుల దొడ్డికి వెళ్తుంది. ముందురోజే సమాధులకు సున్నం కొట్టి, పూలు తెచ్చి పెట్టుకుని, చీకటితోనే కొవ్వొత్తులు వెలిగించి, ఎవరి ఇంటివాళ్ళ దగ్గర వాళ్ళు నిలబడతారు. పొద్దు పొడిచే వేళకు అందరూ కలిసి ఆరాధన చేస్తారు. ఇమ్మానియేలు మాత్రం తన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళే ముందు దొడ్డి చివరికి నడిచేవాడు. అక్కడ తుమ్మచెట్ల కింద ఎవరూ రాని మట్టిదిబ్బలు కొన్ని ఉన్నాయి. వంశం నిలవనివాళ్ళవి, ఊరొదిలి పోయినవాళ్ళవి. ఒక్కొక్క దిబ్బ దగ్గర ఆగి ఒక్కొక్క చరణం వాయించేవాడు. ఇదేం పద్ధతని పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ అడిగారు.

"వాళ్ళకి మాత్రం పండగొచ్చిందని తెలియొద్దా అయ్యగారూ" అన్నాడు ఇమ్మానియేలు.

మిరపకోతల కాలంలో ఆదోని వైపు నుంచి జనం మా ఊరు వస్తారు. చేలగట్ల మీద పట్టాలతో డేరాలు వేసుకుని, కోతలు అయ్యేదాకా ఉండి వెళ్తారు. ఇమ్మానియేలు ఇల్లు మా వీధిలో చివరిది. ఆ ఇంటి వెనకే డేరాలు. ఒక ఏడు అలా వచ్చినవాళ్ళలో బసమ్మ, ఆమె కూతురు ఈరమ్మ ఉన్నారు. ఈరమ్మ పెళ్ళీడు పిల్ల. తెల్లవారుజామున గిటారు వినపడగానే ముందు తనే లేచి పొయ్యి ముట్టించేది. "గిటారన్న లేసినాడు, లెయ్యమ్మా" అని తల్లిని లేపేది.

కొన్నాళ్ళకు ఇమ్మానియేలు ఒక సంగతి గమనించాడు. తను చేతులు కడుక్కుని వచ్చేసరికి అరుగు ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంటోంది. భార్య సువార్తమ్మే చేస్తోందనుకున్నాడు. సువార్తమ్మ ఆయనే చేసుకుంటున్నాడనుకుంది. ఒకరోజు ఇంకాస్త ముందు లేచి చూస్తే చీపురు పట్టుకుని ఈరమ్మ. పట్టుబడినందుకు సిగ్గుపడి చీపురు అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆ పిల్ల ఆయనతో మాట్లాడింది లేదు. ఆయనా పిలిచి ఏమీ అనలేదు. మర్నాటి నుంచి కీర్తన కొంచెం నెమ్మదిగా, ఇంకొక చరణం ఎక్కువగా వాయించాడని సువార్తమ్మ చెప్పింది.

కోతలు సగంలో ఉండగా ఈరమ్మకు జ్వరం తగిలింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు గానీ పిల్ల దక్కలేదు. ఆదోని దాకా తీసుకుపోయే వీలు వాళ్ళకు లేకపోయింది. మా సంఘపెద్దలు దొడ్డిలో తుమ్మచెట్ల కింద చోటిచ్చారు. ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళని ఎవరూ అడగలేదు. ఆ రోజు ఇమ్మానియేలు కల్లానికి పోలేదు. మిరప ముట్టని చేత్తో మట్టి వేసి, మళ్ళీ కడుక్కుని, పొద్దున్నే వాయించే కీర్తనే వాయించాడు.

కోతలు ముగిసి డేరాలు పీకే రోజున బసమ్మ అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, మేం పోతాండాం. నా బిడ్డను సూసేకి మళ్ళా ఎప్పుడొస్తానో. మీ పండగనాడు అందరి కాడా దీపాలు పెడతారంట గదా."

"పెడతాం చెల్లెమ్మా. ఆ పిల్ల దగ్గరా పెడతాం."

"దీపం నాకు యాడ కనపడుతుంది అన్నా. ఆ పొద్దుటి పాట వాయించు. ఫోనులో ఇంటాను. ఆ పాట ఇంటే నా బిడ్డ లేసినట్టే ఉంటుంది."

ఇమ్మానియేలు చెయ్యి గుండె మీద పెట్టుకుని "మాటిస్తున్నా" అన్నాడు. గొంతు లేనివాడి మాట గనక బసమ్మ దగ్గరికి వంగి విన్నది.

ఆ తర్వాత కొద్దిరోజులకు కాలం కాని వాన పడింది. కల్లాల మీద ఆరబోసిన కాయ తడిసి ఊరంతా గోలగోలయింది. ఇమ్మానియేలు ఇంటి రేకు కారింది. దూలానికి వేలాడుతున్న గిటారు సంచి పిండితే నీళ్ళొచ్చేటట్టు నానింది. మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. ఇమ్మానియేలు గుంటూరు మిర్చి యార్డుకు లోడుతో వెళ్ళాడు. సువార్తమ్మ పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ కాయ ఎండబెట్టిన మనిషి. తడిసిందేదైనా ఎండలో పడెయ్యాలి, పైదీ కిందదీ సమంగా ఎండేట్టు తిరగెయ్యాలి, అంతే. పట్టా మీద కాయల నడుమ కాస్త చోటు చేసి గిటారును వెల్లకిలా పడుకోబెట్టింది. కాయ తిరగేసినప్పుడల్లా దాన్నీ బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి తిరగేసింది.

పక్క కల్లంలో ఆడవాళ్ళు ఊరుకుంటారా!

"ఏందొదినా, ఈ రకం కొత్తగా ఉందే. తేజానా, బ్యాడిగా?"

"నోరు ముయ్యవే. తేమ పోందే ఎవడు కొంటాడు?"

మధ్యాహ్నానికి పట్టా మీద అడుగు పెడితే కాలుతోంది. ఉన్నట్టుండి 'టప్' మని ఒక చప్పుడు. తర్వాత ఇంకొకటి.

గిటారు పొట్ట మీద నల్లటి చెక్కపట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని బ్రిడ్జి అంటారు. దానికి ఆరు రంధ్రాలు. తీగ కొసన ఉండే గుండును రంధ్రంలోకి దింపి, పైనుంచి ఒక చిన్న మేకు గుచ్చుతారు. గుంటూరు షాపుల్లో పిన్ను అంటారు. కిందికి పోనుపోను సన్నబడే వేలి కణుపంత మేకు అది. తీగ ఎంత లాగినా ఆ మేకే పట్టి ఉంచుతుంది. ఆ ప్లాస్టిక్ మేకులు ఎండకు మెత్తబడి, తీగల బిగువుకు వంగి, ఒకటొకటే ఎగిరిపోయాయి. సువార్తమ్మ ఆ కాయల్లో చేతులు పెట్టి సాయంత్రం దాకా వెతికింది. దొరికినవి వంకరపోయి ఉన్నాయి. కొన్ని దొరకనేలేదు. ఎవరి టిక్కీలో పడి ఏ దేశం పోయాయో.

ఇమ్మానియేలు వచ్చేసరికి ఆమె గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. గిటారు ఒళ్ళో ఉంది. తీగలు ఊడి వేలాడుతున్నాయి. ఆయన పక్కన కూర్చుని, బ్రిడ్జి మీద వేళ్ళు వేసి తడిమి చూశాడు. చాలాసేపు దగ్గాడు.

"ఎండిందా?" అన్నాడు చివరికి.

"ఎండింది."

"తాలు ఏరావా మరి?"

అప్పుడు సువార్తమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వు ఆగాక, "ఆ తల్లికి ఏం చెబుతామయ్యా?" అంది. ఇమ్మానియేలు వేలాడే తీగలను చుట్టసాగాడు. పండగ దగ్గరకొచ్చేసింది. గొంతు చూస్తే లేదు. వేరే ఊరి సంఘం నుంచి గిటారు అడిగి తెచ్చుకోవచ్చు గానీ, పండగ తెల్లవారుజామున ఏ సంఘం తన గిటారు ఇస్తుంది?

మర్నాడు లోడుతో గుంటూరు వెళ్ళినప్పుడు, ఉన్న మేకుల్లోకి తిన్నగా కనపడిన ఒకదాన్ని జేబులో వేసుకుని వాయిద్యాల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు శశిభూషణ్ గారిది. ఆయన మేకును కొలిచి చూసి, దానికి సరిపడే పొట్లం ఇచ్చారు. ఇంటికొచ్చి గుచ్చితే ఒకటి తలదాకా జారిపోయింది. ఇంకొకటి సగంలో ఆగింది. మూడోది తీగ బిగించగానే ఎగిరి సువార్తమ్మ గాజులకు తగిలింది.

"ఆగినదాన్ని రెండు దెబ్బలు కొట్టరాదా" అంది ఆమె.

"కొడితే పట్టీ చీలుద్ది. అప్పుడు ఎండబెట్టినా లాభం ఉండదు."

మళ్ళీ లోడు పడినప్పుడు మళ్ళీ వెళ్ళాడు. శశిభూషణ్ గారు పాత మేకునూ కొత్త మేకునూ పక్కపక్కన పెట్టి చూసి నాలుక కరుచుకున్నారు.

"పొరపాటు నాదేనండీ. ఇది ఎండకు రూపు మారిన పిన్ను. దీని కొలత పట్టుకుని ఇచ్చేశాను. కొలవాల్సింది పిన్ను కాదు, రంధ్రం. ఈసారి పిన్ను తేవొద్దు, రంధ్రం తీసుకురండి."

"రంధ్రం ఎట్టా తెస్తామండీ?"

ఇద్దరూ నవ్వుకున్నారు. "గిటారే తీసుకురండి మరి" అన్నారాయన.

"మిరప లోడు మీద కూర్చుని వస్తానండీ. దానికి మళ్ళీ ఆ వాసన చూపించలేను. ఈ లోడ్లు తెగేదాకా వేరే రోజు కుదరదు" అన్నాడు ఇమ్మానియేలు. ఈరమ్మ సంగతీ పండగ సంగతీ చెబుతుంటే శశిభూషణ్ గారు ఆయన మాట వినడానికి కౌంటరు దాటి బయటికొచ్చి పక్కన నిలబడ్డారట. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చారట. ఆ సంగతి ఇమ్మానియేలు ఊళ్ళో చాలామందికి చెప్పాడు.

అన్నం తింటూ సువార్తమ్మకు ఇదంతా చెప్పి, "రంధ్రం తెమ్మన్నాడు" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. సమాధులకని కొని పెట్టుకున్న కొవ్వొత్తుల కట్ట గూట్లో ఉంది. మర్నాడు పొద్దున ఆయన గిటారు లేని అరుగు మీద ఊరికే కూర్చుని ఉంటే, ఆమె ఒక కొవ్వొత్తి తీసి, చివర వేడిచేసి, వేళ్ళతో నలిపి మెత్తగా చేసింది. బ్రిడ్జి రంధ్రంలో నూనె చుక్క రాసి, ఆ మైనం లోపలికంటా నొక్కింది. చల్లారాక మెల్లగా తిప్పుతూ పైకి తీసింది. రంధ్రం లోపలి ఆకారమంతా, తీగ పోయే గాడితో సహా, మైనంలో దిగి వచ్చింది.

"ఇదిగో నీ రంధ్రం" అని ఆయన చేతిలో పెట్టింది.

అలా ఆరూ తీశాక తెలిసింది, ఏ ఒక్కటీ ఇంకోదానిలాగా లేదు. పూర్వం ఎప్పుడో మేకు వదులైనప్పుడల్లా ఇమ్మానియేలు వెదురు పుల్లలూ వేపపుల్లలూ దూర్చి సర్దుకున్నాడు. ఒక రంధ్రం వెడల్పుగా అరిగింది, ఒకటి పక్కకు ఒరిగింది. షాపులో అన్నీ ఒకే కొలతవి కొనుక్కుంటే ఎలా సరిపోతాయి?

మైనం కరిగిపోకుండా స్టీలు గిన్నెలో చన్నీళ్ళు పోసి, అందులో ఆ ఆరింటినీ వేసి మూతపెట్టి ఇచ్చింది సువార్తమ్మ. ఇమ్మానియేలు టిక్కీల మీద కూర్చుని ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని గుంటూరు దాకా పోయాడు. శశిభూషణ్ గారు మూత తీసి చూశారు. కొట్లో ఉన్న పొట్లాలన్నీ కౌంటరు మీద పరిచి, ఒక్కొక్క మేకూ ఒక్కొక్క మైనం పక్కన పెట్టి చూశారు. వచ్చినవాళ్ళను కాసేపు ఆగమన్నారు. ఏదీ కుదరలేదు.

"ఇంత లావువి బయటి నుంచి తెప్పించాలండీ. వచ్చేసరికి పండగ దాటిపోతుంది. పాతరోజుల్లో ఎముకతో, కొమ్ముతో చేతితోనే చేసేవాళ్ళు. మీ ఊళ్ళో కొమ్ము పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు. కాకపోతే ఎద్దులకు చేస్తాడు" అన్నాడు ఇమ్మానియేలు.

శశిభూషణ్ గారు కొత్త తీగల చుట్ట ఒకటి తీసి గిన్నె మూత మీద పెట్టారు. "ఇది నా తరఫున. ఆ అమ్మాయి దగ్గర వాయించండి" అన్నారు.

హయాత్ మా ఊళ్ళో ఎద్దుల కొమ్ములు చెక్కే మనిషి. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గిపోయింది. బండలాగుడు పందేలకు మేపే ఎడ్లకు మాత్రం ఇప్పటికీ ఆయనే కావాలి. కత్తితో పెచ్చులు తీసి, గాజుపెంకుతో గీకి, నూనె పట్టిస్తే కొమ్ములు నిగనిగలాడతాయి. హయాతూ ఇమ్మానియేలూ చిన్నప్పుడు ఒకే పలక మీద రాసుకున్నవాళ్ళు.

"ఏరా, నీ గిటారుకి కొమ్ములు మొలిచినయ్యా?" అన్నాడు హయాత్, గిన్నె చూసి.

"మొలిచినవి ఊడినయ్. అందుకే వచ్చా."

హయాత్ ఒక మైనపు ముక్కను వెలుగుకు పట్టి చూశాడు. "చెల్లెమ్మ తీసిందా ఇది?"

"నీకెట్టా తెలుసు?"

"నువ్వు తీస్తే ఇంత పొందిగ్గా వస్తదా?"

ఇమ్మానియేలు బసమ్మకిచ్చిన మాట చెప్పాడు. హయాత్ మైనాన్ని జాగ్రత్తగా గిన్నెలో పెట్టాడు. ఈరమ్మకు గుంట తవ్వినప్పుడు పలుగు పట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

"కొమ్ము ముక్కుందా నీ దగ్గర?" అని అడిగాడు ఇమ్మానియేలు.

"పెచ్చులున్నయ్. వాటితో పని జరగదు. దీనికి కొమ్ము కొస కావాలి, గుల్ల లేకుండా గట్టిగా ఉండేది అదొక్కటే. బతికున్న ఎద్దుకి కొస కొయ్యకూడదు" అంటూ హయాత్ అటూ ఇటూ చూశాడు. చూసి, "సరే, శనివారం నేనే వస్తా పో" అన్నాడు.

"శుక్రవారమంతా నాకు ఉపవాసం. సాయానికి రాలేను."

"నాకు మాత్రం రోజాలు కాదా? కడుపు ఖాళీగా ఉంటే చెయ్యి నిదానంగా నడుసుద్ది. పో."

ఆ ఏడు రంజాను నెలా, ఈస్టరుకు ముందొచ్చే మా శ్రమదినాలూ ఒకేసారి వచ్చాయి.

శుభ శుక్రవారం ఆరాధన గిటారు లేకుండానే జరిగింది. పాటలు ఎత్తుకున్న శ్రుతిలో నిలవక కిందికి జారిపోతుంటే ఎవరం ఏమీ చేయలేకపోయాం. ఇమ్మానియేలు చివరి బల్ల మీద కూర్చుని మోకాలి మీద వేళ్ళు కదుపుతున్నాడు. నా పక్కనున్నావిడ అది చూసి కళ్ళు తుడుచుకుంది.

శనివారం మధ్యాహ్నం ఊళ్ళో ఆడవాళ్ళంతా సమాధులకు సున్నం కొడుతున్నారు. హయాత్ గుడ్డలో చుట్టిన మేకులు తెచ్చి ఇమ్మానియేలు అరుగు మీద పరిచాడు. నల్లగా, నునుపుగా, నూనె రాసిన ఎద్దు కొమ్ము మెరిసినట్టే మెరుస్తున్నాయి. ఏది ఏ రంధ్రానిదో తెలియడానికి మైనం ముక్కల పక్కనే వరసగా పెట్టాడు.

గుచ్చి చూస్తే కొన్ని దిగాయి. కొన్ని ఎక్కడో పట్టేస్తున్నాయి. ఎక్కడ పట్టేస్తోందో కంటికి కనపడదు. అంతలో సువార్తమ్మ సున్నం తట్టతో ఇంటికొచ్చింది. హయాత్ ఆ సున్నంలో వేలు ముంచి మేకుకు పలచగా పూశాడు. ఆరాక రంధ్రంలో పెట్టి తిప్పి తీశాడు. తగిలినచోట సున్నం చెరిగిపోయి నలుపు కనపడింది. అక్కడ మాత్రమే గాజుపెంకుతో గీకాడు. మళ్ళీ సున్నం, మళ్ళీ గీకుడు. నోరు ఎండిపోతున్నా ఇద్దరూ నీళ్ళడగలేదు. సువార్తమ్మ వాళ్ళకు విసనకర్ర విసురుతూ కూర్చుంది.

పొద్దు వాలేవేళకు ఆరు మేకులూ కూర్చున్నాయి. శశిభూషణ్ గారిచ్చిన తీగలు ఎక్కించి ఒక్కొక్కటే బిగించాడు ఇమ్మానియేలు. లావు తీగ మూలిగింది. ఎక్కడ ఎగిరిపోతుందోనని సువార్తమ్మ మొహం తిప్పుకుంది. మేకు కదల్లేదు.

హయాత్ సామాను సర్దుకుంటున్నాడు. కొమ్ములు చెక్కే కత్తిని సంచిలో పెట్టబోతుంటే ఇమ్మానియేలు చూపు దాని మీద పడింది. ఆ కత్తికి ఎప్పుడూ నల్లటి కొమ్ము పిడి ఉండేది. హయాత్ తండ్రి, తను పెంచుకున్న ఎద్దు చనిపోయినప్పుడు, దాని కొమ్ము కొసతో చేసుకున్న పిడి. ఇప్పుడు దాని చోట పచ్చి తుమ్మకర్ర, పురికొస చుట్టి ఉంది.

"పిడి ఏదిరా?"

"అరిగిపోయింది."

"మొన్న గిన్నె తెచ్చిన రోజు ఉంది గదా?"

"ఉన్నది అరగదా ఏంది? ఒరేయ్, వాయించడం చాతకాకపోతే చెప్పు, నా మేకులు నేను పట్టుకుపోతా."

ఇమ్మానియేలు చేత్తో ఒక మేకు తలను తడిమాడు. ఏళ్ళతరబడి తండ్రీకొడుకుల అరచేతుల కింద నునుపెక్కిన కొమ్ము. అది పొద్దుటి చెయ్యి కాదు గనక కీర్తన ఎత్తుకోలేదు. ఒక్క తీగ మీటి, అది పూర్తిగా ఆగేదాకా ఇద్దరూ విన్నారు. మసీదు మైకు వినపడింది. సువార్తమ్మ ఖర్జూరాలూ నీళ్ళూ తెచ్చి పెడితే ఆ అరుగు మీదే హయాత్ రోజా విడిచాడు.

లేవబోతుంటే ఇమ్మానియేలు, "పొద్దున రారా. నా రెండు చేతులూ గిటారు మీదుంటయ్. ఫోను పట్టుకునే మనిషి కావాలి. సువార్త పట్టుకుంటే ఏడుపే వినపడుద్ది ఆ తల్లికి" అన్నాడు.

ఉపవాసం ముందటి సహరీ తిని హయాత్ నేరుగా దొడ్డికి వచ్చాడు. అప్పటికి కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. తెల్లటి సమాధుల మధ్య నుంచి ఇద్దరూ దొడ్డి చివరికి నడిచారు. ఈరమ్మ దిబ్బకు కూడా ఎవరో సున్నం చల్లి ముగ్గులాగా గీశారు, బంతిపూలు పెట్టారు. ఎవరో నాకు తెలియదు, నేను అడగలేదు. హయాత్ బసమ్మ నెంబరు కలిపి, ఫోనును గిటారు పొట్టకు దగ్గరగా, రెండు చేతులతో పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఇమ్మానియేలు వాయించాడు. కొత్త మేకుల మీద ఆ శబ్దం ఇంకాస్త లోతుగా, ఇంకాస్త నెమ్మదిగా వచ్చిందని నాకనిపించింది. పూర్తి కీర్తన, చివర ఇంకొక చరణం కూడా. అయిపోయాక ఫోనులో చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిపోయిందేమోనని హయాత్ "అమ్మా" అన్నాడు.

"ఉండాను సామీ" అంది బసమ్మ. "పాట ఇనపడతానే పొయ్యి ముట్టించినాను. దాని మాదిరే."

హయాత్ ఫోను ఇమ్మానియేలు చెవి దగ్గర పెట్టాడు. ఆయన తల వంచి విన్నాడు. తర్వాత మిగిలిన దిబ్బల దగ్గర ఒక్కొక్క చరణం వాయించి, అమ్మానాన్నల దగ్గరికి నడిచాడు.

మరుసటి ఏడూ అలాగే జరిగింది. ఆ తర్వాత ఇమ్మానియేలుకు ఊపిరి అందడం తగ్గింది. తెల్లవారుజామున అరుగు మీద కూర్చుంటే దగ్గు కీర్తనను తెంపేసేది. పాటల గుంపులో ఉండే జోసఫ్‌ను పిలిచి ఆ కీర్తన నేర్పాడు. చేతులు ఎట్లా కడుక్కోవాలో ముందు నేర్పి, తర్వాతే తీగల మీద చెయ్యి పెట్టనిచ్చాడు. పోయిన చలికాలం మంచం పట్టి, మళ్ళీ లేవలేదు. దొడ్డిలో ఆయనకు ఇది మొదటి ఈస్టరు. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

చివరి రోజుల్లో హయాత్ రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఇమ్మానియేలు మాట వినాలంటే చెవి నోటి దగ్గర పెట్టాల్సి వచ్చేది. నేను గంజి తీసుకెళ్ళిన రోజు ఇద్దరూ అలాగే ఉన్నారు.

"రంధ్రాలు చెక్కవి, మేకులు కొమ్మువి" అంటున్నాడు ఇమ్మానియేలు. "ఒకటి వానకు ఉబ్బుద్ది, ఒకటి ఎండకు తగ్గుద్ది. ఏటా పండగ ముందు ఒకసారి తీసి చూడు."

"చూస్తాలే. మైనం ముక్కలు చెల్లెమ్మ దాచే ఉంచింది."

"ఇంకోటి."

"చెప్పు."

ఊపిరి కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. హయాత్ తొందరపెట్టలేదు.

"జోసఫ్ మంచోడు. గురువు గదా అని పండగనాడు తిన్నగా నా దగ్గరికే వస్తాడు. రానీమాక. ఫోను నీ చేతిలోనే ఉంటది గదా, నువ్వు ముందు నడువు. ముందు ఆ పిల్ల దగ్గరికి తీసుకుపోరా. ఆదోనిలో వాళ్ళమ్మ పొయ్యి ముందు కూర్చుని పాట కోసం చూస్తా ఉంటది."